‘నొచ్చుకుని ఉంటే’ అన్నది క్షమాపణ కాదు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి: సభల్లో, ప్రెస్‌మీట్లలో నాయకులు వాడుతున్న బూతులు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు. సెక్షన్ల నంబర్లు భారతీయ న్యాయ సంహితవి. 2024 జులై 1 నుంచి జరిగినవాటికి ఇవే వర్తిస్తాయి, కాబట్టి అర్జీలో పాత ఐపీసీ నంబర్లు వేయకండి.

మా నాయకుడొకరు ప్రత్యర్థి ఇంట్లో ఆడవాళ్ళ గురించి చెప్పరాని మాట అన్నారు. గొడవయ్యాక ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నా’ అన్నారు. ‘అయిపోయింది గదా, ఇంకా ఏంది’ అంటున్నారు ఆయన మనుషులు. నిజంగా అయిపోయినట్టేనా?
– ఓ ఉపాధ్యాయురాలు, కావలి

కాలేదు. క్షమాపణ చెప్పాల్సింది మాట పడిన మనిషికి. ‘ఎవరైనా’, ‘నొచ్చుకుని ఉంటే’ అన్నారంటే తప్పును తన నోటి మీద నుంచి విన్నవాళ్ళ మనసు మీదికి నెట్టేసినట్టే. నా మాటలో దోషం లేదు, మీరే సున్నితంగా ఉన్నారు అని చెప్పడమే అది.

సుప్రీంకోర్టు కూడా ఇలాంటి ‘ఉంటే’ను ఒప్పుకోలేదు. 2016లో ఉత్తరప్రదేశ్ మంత్రిగా ఉన్న ఆజంఖాన్, బులంద్‌షహర్ సామూహిక అత్యాచారం వెనక రాజకీయ కుట్ర ఉన్నట్టు మాట్లాడారు. బాధిత కుటుంబం కోర్టుకెక్కింది. ఆయన వేసిన మొదటి అఫిడవిట్‌లోని ‘ఉంటే’కు అటార్నీ జనరల్ అభ్యంతరం చెప్పారు. కోర్టు దాన్ని తీసుకోలేదు. బేషరతుగా పశ్చాత్తాపం తెలుపుతూ మరొకటి ఇచ్చాకే డిసెంబరు 15న ఒప్పుకుంది. 2025 మేలో మధ్యప్రదేశ్ మంత్రి విజయ్ షా, కల్నల్ సోఫియా ఖురేషీని ఉద్దేశించి చేసిన వ్యాఖ్యలపై అక్కడి హైకోర్టు తనంతట తానే ఎఫ్ఐఆర్ నమోదు చేయమంది. ఆయన క్షమాపణ చెప్పానంటూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అవి మొసలి కన్నీళ్ళా అని ధర్మాసనం నిలదీసి, దర్యాప్తుకు ముగ్గురు ఐపీఎస్ అధికారులతో సిట్ వేయించింది.

సరైన క్షమాపణలో ముందు పేరు ఉండాలి. ‘ఫలానా తేదీన ఫలానా సభలో ఫలానావారి నడవడి గురించి నేను అన్న మాట తప్పు. దానికి ఆధారం లేదు. వారికి, వారి కుటుంబానికి క్షమాపణ చెబుతున్నాను.’ ఇంత చాలు. ఆ బూతును మళ్ళీ పలకకూడదు, పలికితే ఆ క్లిప్పు కూడా తిరుగుతుంది. ‘వాళ్ళు ముందు అన్నారు కాబట్టి’ అన్న ముక్క చేరిందంటే మిగిలినదంతా వృథా.

తర్వాత వేదిక సంగతి. సెంటర్లో మైకు పెట్టి అన్న మాటకు క్షమాపణ కూడా మైకులోనే రావాలి. వేలమంది ముందు ఒక మనిషి పరువు తీసి, రాత్రి పదింటికి సోషల్ మీడియాలో రెండు లైన్లు పెడితే ఆ వేలమందికీ అది చేరదు. ఆలస్యం కూడా తప్పే. మర్నాటికల్లా చెప్పినదాన్ని జనం నమ్ముతారు. పార్టీ పెద్దలు పిలిచి మందలించాక, నోటీసు అందాక చెప్పినదాన్ని ఎవరూ నమ్మరు.

అందరూ ఎగ్గొట్టేది మాత్రం ఆ పాత వీడియోను తీసేయించడం. నాయకుడు ఒకపక్క క్షమించమంటుంటాడు, ఆయన అనుచరుల పేజీల్లో అదే మాటకు పాట కలిపి రీల్స్ నడుస్తుంటాయి. పార్టీ పేజీలోనూ, తన పేరుతో నడిచే అభిమాన పేజీల్లోనూ ఆ క్లిప్పు తీసేయించి, ‘ఇది షేర్ చేసేవాళ్ళు నా మనుషులు కారు’ అని చెబితే తప్ప మాట పడ్డవారికి ఊరట ఉండదు. ఇంత చేసినా క్షమించడం, క్షమించకపోవడం వారి ఇష్టం. వారు క్షమించలేదని మళ్ళీ నిందించే హక్కు ఎవరికీ లేదు.

నేను సభకు వెళ్ళి విన్నవాణ్ణి మాత్రమే. తిట్టింది నన్ను కాదు. అయినా కేసు పెట్టొచ్చా?
– ఓ విశ్రాంత ఉద్యోగి, ఒంగోలు

అన్న మాటను బట్టి ఉంటుంది.

పరువునష్టం అయితే మీరు పెట్టలేరు. సెక్షన్ 356 కింద ఫిర్యాదు చేయాల్సింది ఆ మాటతో నష్టపోయిన మనిషే. అది నాన్ కాగ్నిజబుల్ నేరం, పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు. బాధితులు లాయరు ద్వారా మెజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు కంప్లైంటు వేసుకోవాలి. మాట అన్న రోజు నుంచి 3 ఏళ్ళ గడువు ఉంటుంది. కొత్త చట్టంలో కేసు తీసుకునే ముందే అవతలివారి మాట కూడా కోర్టు వింటుంది కాబట్టి మొదటి వాయిదాకే పని తేలదు. డబ్బు రూపంలో నష్టపరిహారం కోరే సివిల్ దావాకు మాత్రం గడువు 1 సంవత్సరమే. ‘మూడేళ్ళు ఉంది గదా’ అని కూర్చుని ఈ రెండోదాన్ని పోగొట్టుకుంటున్నారు.

మతం, కులం, ప్రాంతం, భాష పేరుతో వర్గాల మధ్య ద్వేషం రేపే మాటలైతే సెక్షన్ 196 ఉంది. దానికి ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. ఎవరూ చేయకపోయినా పోలీసులే కేసు కట్టాలని 2023 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది.

బహిరంగ స్థలంలో అశ్లీల మాటలకు సెక్షన్ 296 ఉంది. శిక్ష 3 నెలల వరకు, జరిమానా 1,000 రూపాయల వరకు. అయితే ప్రతి తిట్టూ దీని కిందికి రాదు. మాటలో లైంగికమైన అశ్లీలం ఉండాలని, ఉత్త తిట్టు చాలదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ‘సన్నాసి’, ‘దద్దమ్మ’ లాంటి మాటలకు ఈ సెక్షన్ వేయమని స్టేషన్‌కు వెళితే మీ సమయమే పోతుంది.

వినేవారి చేతిలో కేసు కన్నా బలమైనది ఇంకొకటి ఉంది. బూతుకు చప్పట్లు, ఈలలు పడుతున్నంత కాలం ఆ మాటలు ఆగవు. మాట వచ్చిన క్షణాన లేచి వెళ్ళిపోండి. మర్నాడు ఆ పార్టీ జిల్లా అధ్యక్షుడికి తేదీ, స్థలం, వీడియోలో ఎన్నో నిమిషమో రాసి, ఊళ్ళో పదిమంది సంతకాలతో ఉత్తరం పంపండి. నెల్లూరు జిల్లా చవటపాళెంలో పుట్టి ఉపరాష్ట్రపతి దాకా ఎదిగిన వెంకయ్యనాయుడు బూతుల నేతలకు పోలింగ్ బూత్‌లో బుద్ధి చెప్పాలని చాలా సభల్లో చెబుతూ వస్తున్నారు. మా అభిప్రాయమూ అదే, కాకపోతే ఎన్నికల దాకా ఆగక్కర్లేదు.

మండల పరిషత్తు సమావేశంలో బిల్లుల గురించి అడిగితే, ఒక నాయకుడు నా నడవడి మీద నీచంగా మాట్లాడాడు. అందరూ విన్నారు, ఒకరు ఫోన్‌లో తీశారు. శాసనసభలో మాదిరి ఇక్కడ కూడా కేసు పెట్టకూడదంటున్నారు.
– ఎంపీటీసీ సభ్యురాలు, ఆత్మకూరు ప్రాంతం

మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తున్నారు. సభలో అన్న మాటకు కోర్టులో కేసు ఉండదన్న పూర్తి రక్షణ రాజ్యాంగంలో పార్లమెంటుకు, శాసనసభకు, శాసనమండలికి మాత్రమే ఉంది. మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు, మున్సిపల్ కౌన్సిల్ సమావేశాలకు అది లేదు.

మొదట వీడియో. ఇలాంటి కేసులు ఎక్కువగా చెడేది అక్కడే. వాట్సాప్‌లో తిరిగి మీ దగ్గరికొచ్చిన 30 సెకన్ల ముక్కను నమ్ముకోవద్దు. వాట్సాప్ ఫైలును కుదిస్తుంది, తీసిన సమయం లాంటి వివరాలు అందులో మిగలవు, ముందూ వెనకా ఏం జరిగిందో కనపడదు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. ఎవరి ఫోన్‌లో తీశారో ఆ ఫోన్‌లోని అసలు ఫైలును ట్రిమ్ చేయకుండా, పేరు కూడా మార్చకుండా అలాగే ఉంచమనండి. కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మకూడదు, రీసెట్ చేయకూడదు. కాపీని కేబుల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

ఆ కాపీ కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి ఫోన్ యజమాని నింపాలి, రెండోది నిపుణుడు. రెండిట్లోనూ ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరస) రాయాలి. ఫైలులో ఒక్క సెకను కత్తిరించినా ఆ విలువ మారిపోతుంది, అందుకే ముందుగా కాపీ తీసి దాని హ్యాష్ రాసిపెట్టుకోవడం మంచిది.

ఇక అర్జీ. ఒకటి రెండు పేజీలు చాలు. ‘అసభ్యంగా మాట్లాడాడు’ అని రాసి వదిలేస్తే సెక్షన్ నిలవదు. అతను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా కొటేషన్లలో రాయాలి. రాయడానికి మీకు చెయ్యి రాదని తెలుసు, ఆ సిగ్గు మీది కాదు, అన్నవాడిది. తేదీ, సమయం, సమావేశం పేరు, అతను ఎక్కడ కూర్చున్నాడు, మీరు అడిగిన ప్రశ్న ఏంటి, విన్నవారిలో ముగ్గురు నలుగురి పేర్లు, హాజరైన ఎంపీడీవో పేరు రాయండి. మినిట్స్ పుస్తకంలో ఇలాంటివి సాధారణంగా ఎక్కవు. హాజరు పట్టీ నకలు మాత్రం సమాచార హక్కు కింద తీసుకోండి, ఎవరెవరు అక్కడ ఉన్నారో అది చెబుతుంది.

స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటకు సెక్షన్ 79 వర్తిస్తుంది, 3 ఏళ్ళ దాకా సాధారణ జైలు, జరిమానా. మాటలో లైంగికమైన ధోరణి ఉంటే సెక్షన్ 75 కూడా. ‘నీ సంగతి చూస్తా’ అని బెదిరించి ఉంటే 351. మొదటి రెండూ కాగ్నిజబుల్, అంటే పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టాల్సినవే. 79 లాంటి సెక్షన్‌లో డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ చేయొచ్చు, అదీ 14 రోజుల్లో ముగించాలి. ‘విచారిస్తున్నాం’ అని నెలలు తిప్పితే ఆ 14 రోజుల మాట గుర్తుచేయండి. స్టేషన్ పరిధి మాది కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టేది) అడగండి. కాపీ ఉచితం.

ఎఫ్ఐఆర్ కట్టకపోతే అర్జీని స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడా కదలకపోతే ఆ పోస్టు రసీదు, అఫిడవిట్ జతచేసి మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలి. ఎస్పీకి రాసిన రుజువు లేకుండా నేరుగా కోర్టుకు వెళితే పిటిషన్ వెనక్కొస్తుంది. రాష్ట్ర మహిళా కమిషన్‌కు కూడా రాయొచ్చు. కమిషన్ పిలిపించి అడగగలదు, సిఫార్సు చేయగలదు. శిక్ష వేయలేదు, ఎఫ్ఐఆర్‌కు అది బదులూ కాదు.

కులం పేరుతో దూషించి, తర్వాత పెద్దమనుషుల్లో క్షమాపణ చెబుతానంటున్నారు. కేసు వద్దంటున్నారు.
– దర్శి నుంచి ఒక పాఠకుడు

పంచాయితీ పెట్టి మూసేయాల్సిన విషయం కాదు ఇది. బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ అయి, దూషించినవారు ఆ వర్గాలవారు కాకుండా, అది నలుగురి కంటా పడే చోట జరిగితే ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం (1989) సెక్షన్ 3(1)లోని ‘ఆర్’, ‘ఎస్’ క్లాజులు వర్తిస్తాయి. శిక్ష 6 నెలలకు తగ్గదు, 5 ఏళ్ళ దాకా పడొచ్చు. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి. ఇంటి నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్న మాట ఈ క్లాజుల కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే ఎక్కడ అన్నారు, ఎవరు విన్నారు అన్నది అర్జీలో మొదటి పేరాలోనే రావాలి. హెల్ప్‌లైన్ 14566.

క్షమాపణ చెబితే తీసుకోండి, వద్దనడం లేదు. దానికి బదులుగా అర్జీ వెనక్కి తీసుకుంటానని మాత్రం రాసివ్వొద్దు. ఇది రాజీకి వీలున్న నేరం కాదు.

శాసనసభలో తిడితే ఏమీ చేయలేమా?
– కనిగిరి

కోర్టుకు వెళ్ళలేరు. స్పీకర్ ఆ మాటను రికార్డుల నుంచి తీసేయించవచ్చు, వెనక్కి తీసుకోమనవచ్చు, సభ్యుణ్ణి సస్పెండ్ చేయించవచ్చు, సభా హక్కుల (ప్రివిలేజ్) కమిటీకి పంపవచ్చు. 2023 సెప్టెంబరులో లోక్‌సభలో రమేష్ బిధూరి, డానిష్ అలీని మతం పేరుతో దూషించినప్పుడు ఆ మాటలను రికార్డుల నుంచి తొలగించారు. కానీ ప్రత్యక్ష ప్రసారంలో అప్పటికే దేశమంతా వినేసింది. రికార్డు శుభ్రమైనంత మాత్రాన మనిషికి జరిగిన అవమానం పోదు, కాబట్టి సభలో అన్నవారు సభలోనే లేచి క్షమాపణ చెప్పడం తప్ప దీనికి సరైన మందు లేదు. అదే మాటను బయటికొచ్చి ప్రెస్‌మీట్‌లో మళ్ళీ అంటే మాత్రం ఏ రక్షణా ఉండదు.

క్షమాపణ చెబితే నేరం ఒప్పుకున్నట్టేనని, చెప్పొద్దని లాయర్లు సలహా ఇస్తున్నారట. నిజమేనా?
– నెల్లూరు

సగం నిజం. క్షమాపణ చెప్పినంత మాత్రాన కేసు పోదు, దాన్ని అవతలివారు ఒప్పుకోలుగా వాడుకోవచ్చు కూడా. అయితే పరువునష్టం కేసు బాధితుడు ఒప్పుకుంటే రాజీ అయ్యే కేసు. 2024 అక్టోబరులో తెలంగాణ మంత్రి కొండా సురేఖ చేసిన వ్యాఖ్యలపై నటుడు నాగార్జున పరువునష్టం కేసు వేశారు. 2025 నవంబరులో ఆమె బహిరంగంగా విచారం తెలిపారు, ఆయన కేసు వెనక్కి తీసుకున్నారు. 2018లో కేజ్రీవాల్ కూడా అరుణ్ జైట్లీతో సహా పలువురికి వరసగా క్షమాపణ చెప్పి కేసులు ముగించుకున్నారు.

చెప్పనివారి సంగతీ చూడండి. 2019లో కోలారు సభలో అన్న మాటకు 2023 మార్చి 23న సూరత్ కోర్టు రాహుల్ గాంధీకి 2 ఏళ్ళ శిక్ష వేసింది. మర్నాడే సభ్యత్వం పోయింది. ఆయన క్షమాపణ చెప్పనన్నారు, ఆగస్టు 4న సుప్రీంకోర్టు స్టే ఇచ్చాక సభ్యత్వం తిరిగొచ్చింది. 2 ఏళ్ళ శిక్షకు ఒక్క రోజు తగ్గినా అనర్హత ఉండేది కాదు. తన మాట తప్పు కాదని నమ్మినవాడు కోర్టులో పోరాడటం వేరు. అది ఆయన హక్కు. ఒకరి ఇంటి ఆడవాళ్ళ మీద నోరు పారేసుకుని దాన్ని కూడా న్యాయపోరాటం అనడం వేరు.

నాయకులకు మేం చెప్పేది ఇది: లాయరు చేత ఉమ్మడి రాజీ మెమో రాయించండి, క్షమాపణ పాఠం అందులోనే పెట్టండి, ఏ వేదిక మీద ఏ తేదీన చదువుతారో కూడా రాయండి. అలా చేస్తే కేసు భయమూ ఉండదు, ఎదుటివారికి మాటా దక్కుతుంది.

మా ఊళ్ళో ఒక కుర్రాడు నాయకుడి మీద బూతులు పోస్టు చేశాడని అనుచరులు పట్టుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించి వీడియో తీశారు. ఇది న్యాయమేనా?
– కోవూరు నుంచి ఇద్దరు

కాదు. కుర్రాడు అన్నది తప్పే అయినా ఇది నేరం. దారి అడ్డగించడం 126, నిర్బంధించడం 127, బెదిరించడం 351, చెయ్యి చేసుకుంటే 115. ఆ వీడియోయే వాళ్ళ మీద సాక్ష్యం. భయంతో చెప్పించినది క్షమాపణ కాదు, దానికి చట్టం ముందు విలువ లేదు.

మీ నియోజకవర్గంలోనే 2025 జులైలో మహిళా ఎమ్మెల్యే మీద ఒక మాజీ ఎమ్మెల్యే చేసిన వ్యాఖ్యలు, ఆ వెంటనే నెల్లూరులో ఆయన ఇంటి మీద జరిగిన దాడి అందరికీ గుర్తుండే ఉంటాయి. మాటకు ఒక లెక్క, దాడికి ఇంకో లెక్క. దాడి జరిగిందని ఆ మాట ఒప్పు కాదు, మాట తప్పని దాడి ఒప్పు కాదు. దేని కేసు దానిదే. పోస్టు పెట్టిన కుర్రాడి విషయంలోనూ అంతే. ఐటీ చట్టం 66ఏ కింద కేసు కడతామని బెదిరిస్తే ఆ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసిందని చెప్పండి. అయితే ఆడవాళ్ళ ఫొటోలు మార్ఫింగ్ చేసి అశ్లీలంగా పెడితే అదే ఐటీ చట్టంలో సెక్షన్ 67 ఉంది, 3 ఏళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. పోస్టు తను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే అన్నది తప్పించుకునే దారి కాదు.

ఎన్నికలప్పుడు ఎవరికి చెప్పాలి?
– కావలి, ఒంగోలు పాఠకులు

ఎన్నికల నియమావళి మొదటి భాగమే చెబుతోంది: విమర్శ ప్రత్యర్థుల విధానాలు, పనితీరు మీద ఉండాలి, ప్రజాజీవితంతో సంబంధం లేని సొంత జీవితం జోలికి పోకూడదు. 2024 మేలో తెలంగాణలో కేసీఆర్‌ను, అంతకుముందు నెలలో కాంగ్రెస్ నేత రణదీప్ సుర్జేవాలాను ఎన్నికల కమిషన్ 48 గంటలు ప్రచారానికి దూరంగా ఉంచింది. అభ్యర్థి వ్యక్తిగత నడవడి మీద అబద్ధమని తెలిసీ ప్రచారం చేసి గెలిస్తే, ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నిక పిటిషన్ వేయొచ్చు. ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గం ఓటరు ఎవరైనా వేయొచ్చు.

మామూలు ఓటరుకు సులువైనది సీ-విజిల్ యాప్. నియమావళి అమల్లో ఉన్న రోజుల్లోనే పనిచేస్తుంది. గ్యాలరీలో ఉన్న పాత వీడియోను అది తీసుకోదు, యాప్ తెరిచి అందులోనే తీయాలి, ఎక్కువలో ఎక్కువ 2 నిమిషాలు. తీశాక 5 నిమిషాల్లో పంపాలి. లొకేషన్ ఆన్‌లో లేకపోతే వెళ్ళదు, కాబట్టి సభకు వెళ్ళే ముందే యాప్ దించుకుని లొకేషన్ సెట్టింగ్ చూసుకోండి. పేరు చెప్పకుండానూ పంపొచ్చు. కాకపోతే అప్పుడు దాని సంగతి ఏమైందో మీకు తెలియదు. ఫిర్యాదు మీద 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది నిబంధన. స్మార్ట్‌ఫోన్ లేనివారు 1950కి ఫోన్ చేయొచ్చు.